లాగిన్ బటన్ వెనక ఏముందో చెప్పగలరా?

ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూలు దగ్గరపడే రోజుల్లో ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. 'రెడీమేడ్ ప్రాజెక్టులు, సోర్స్ కోడ్‌తో సహా, రికార్డు ఫ్రీ' అని. మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. మా బ్యాచ్‌కూ వచ్చింది. నలుగురం తలా రూ.3 వేలు వేసుకుని, అమీర్‌పేటలో మేడ మీద ఉన్న ఒక సెంటర్‌కి వెళ్లి, రూ.12 వేలకు ప్రాజెక్టు కొనుక్కొచ్చాం. పేరు మాత్రం ఘనంగా ఉండేది. నల్లటి బైండింగ్, దాని మీద బంగారు రంగు అక్షరాలు. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ రెండు ప్రశ్నలడిగి సంతకం పెట్టేశారు. బతికిపోయాం అనుకున్నాం.

ఆ సంతోషం నాలుగు నెలలు కూడా నిలవలేదు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ. ఎదురుగా కూర్చున్న మేడమ్ నా రెజ్యూమె చూసి, 'మీ ప్రాజెక్టులో గూగుల్‌తో లాగిన్ అయ్యే సౌకర్యం ఉందని రాశారు. ఆ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో చెప్పండి' అన్నారు.

'లాగిన్ అవుతుంది మేడమ్.'

'అదెలా? యూజర్ పాస్‌వర్డ్‌ను గూగుల్ మీ సైట్‌కి పంపిస్తుందా?'

'అవును మేడమ్' అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టి, 'సరే, థాంక్యూ' అన్నారు. అంతే. మెట్లు దిగుతుంటే అర్థమైంది. నాకు జావా వచ్చు, ఎస్‌క్యూఎల్ వచ్చు, మార్కులూ పర్వాలేదు. కానీ నా పేరు మీద ఉన్న పనిలో ఒక్క బటన్ గురించి కూడా నేను చెప్పలేకపోయాను.

అందుకే ఈ పేజీ చదివే మీతో ఒకే ఒక్క మాట చెప్పాలనుకుంటున్నాను. గూగుల్‌తోనో, ఫేస్‌బుక్‌తోనో లాగిన్ అయ్యే ఒక బుల్లి వెబ్ యాప్‌ను సొంతంగా చేయండి. రెండు మూడు పేజీలున్నా చాలు. కాకపోతే ఆ లాగిన్ బటన్ పనిని మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తో రాయండి. ఇంటర్వ్యూలో నోరు తెరవడానికి అది పనికొస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంకొకరి సమాచారం మన చేతికి వస్తే ఎంత జాగ్రత్తగా ఉండాలో నేర్పుతుంది.

సమస్య మీ పక్కనే ఉంది

ఏ యాప్ చేయాలో తోచకపోతే ఇంటర్నెట్‌లో వెతక్కండి, చుట్టూ చూడండి. నాకు దొరికింది మా హాస్టల్ వంటగదిలో. ఆ ఇంటర్వ్యూ పోయాక ఎస్సార్ నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవాణ్ని. మొత్తం 40 మందిమి. రాత్రి వంట చేసే ఆంటీకి ఏ రోజు ఎంతమంది తింటారో తెలిసేది కాదు. శుక్రవారం సగం మంది ఊళ్లకు బస్సెక్కేవాళ్లు, అన్నం కుండెడు మిగిలిపోయేది. ఇంకో రోజు లేటుగా వచ్చినవాళ్లకు అడుగున మాడు తప్ప ఏమీ ఉండేది కాదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే నలుగురు జవాబిచ్చేవారు, మిగతావాళ్లు మీమ్స్ పెట్టేవారు.

అప్పుడు మొదలుపెట్టాను ఒక యాప్. 'ఇవాళ రాత్రి తింటారా?' అని ఒకటే ప్రశ్న. అవును, కాదు అని రెండు బటన్లు. సాయంత్రం 5 గంటలకు లెక్క తేలుతుంది. అంతే, ఇంకేమీ లేదు.

దీనికి లాగిన్ ఎందుకు అంటారా? ఒక మనిషి ఒక్కసారే చెప్పాలి కాబట్టి. లాగిన్ లేకపోతే ఎవడో ఒకడు సరదాకి ఇరవైసార్లు 'అవును' నొక్కుతాడు. మా హాస్టల్లో అలాంటివాళ్లు కనీసం ముగ్గురు. కానీ మొత్తం లెక్క చూపించే పేజీకి మాత్రం నేను లాగిన్ పెట్టలేదు. ఆంటీకి కావలసింది అంకె ఒక్కటే. పేర్లు అక్కర్లేదు, జీమెయిలూ అక్కర్లేదు. గమనించారా? ఒక్క లైను కోడ్ రాయకముందే రెండు నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది. ఎవరిని గుర్తుపట్టాలి, ఎవరిని గుర్తుపట్టాల్సిన పనే లేదు అని. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టులో ఈ ఆలోచన ఎవరో మన తరఫున చేసేసి ఉంటారు, లేదా ఎవరూ చేసి ఉండరు.

సొంతంగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. పెట్టుకోవచ్చు. కానీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు డేటాబేస్‌లో దాచకూడదు, హ్యాష్ చేసి దాచాలి. మర్చిపోయినవాళ్లకు రీసెట్ మెయిల్ పంపాలి. వందలసార్లు ఊహించి కొట్టేవాళ్లను ఆపాలి. అన్నిటికీ మించి, మనలో చాలామందికి అన్ని చోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకునే అలవాటుంది. మీ బుల్లి యాప్ నుంచి పాస్‌వర్డ్ బయటికి పోతే, దాంతో పాటు మీ ఫ్రెండ్ మెయిల్ తాళంచెవి కూడా పోయినట్టే. ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు ఇది మోయలేని బరువు. 'ఈ మనిషి ఎవరు' అని తేల్చే పనిని గూగుల్ లాంటి వాళ్లకు అప్పగించడం అందుకే మంచిది.

వాచ్‌మన్, వార్డెన్, చీటీ

ఇలా అప్పగించే పద్ధతి పేరు ఓఆథ్ 2.0. ఇది 2012 అక్టోబరులో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. 'వచ్చింది ఎవరు' అని కచ్చితంగా చెప్పడానికి దాని మీద ఇంకో పొరగా 2014లో ఓపెన్ఐడీ కనెక్ట్ వచ్చింది. గూగుల్ లాగిన్ ఈ రెండింటి మీదే నడుస్తుంది. పేర్లు చూసి భయపడకండి. హాస్టల్లో ఉన్న ఎవరికైనా ఇది తెలిసిన సంగతే.

గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. మీరెవరో అతనికి తెలియదు. 'వార్డెన్ సార్ దగ్గరికెళ్లి చీటీ తీసుకురండి' అంటాడు. వార్డెన్‌కు మీరు తెలుసు. 'నీ పేరు, రూమ్ నంబరు గేటు దగ్గర చెప్పమంటావా?' అని అడుగుతారు. మీరు సరేనంటే నంబరు వేసిన చీటీ ఒకటి ఇస్తారు. మీరు దాన్ని తెచ్చి వాచ్‌మన్ చేతిలో పెడతారు. అతను చీటీ చూసి వెంటనే వదిలేయడు. ఇంటర్‌కమ్‌లో వార్డెన్‌కు ఫోన్ చేస్తాడు. ముందు తాను ఫలానా గేటు వాచ్‌మన్‌నని రుజువు చేసుకుంటాడు. తర్వాత 'ఈ నంబరు చీటీ ఎవరికిచ్చారు సార్?' అని అడుగుతాడు. వార్డెన్ చెప్పాక మీ పేరు రిజిస్టర్‌లో రాసుకుని గేటు తీస్తాడు.

ఇందులో వాచ్‌మన్ అంటే మీ యాప్. వార్డెన్ అంటే గూగుల్. నంబరు చీటీని 'ఆథరైజేషన్ కోడ్' అంటారు. అది ఒక్కసారే పనిచేస్తుంది, కొద్దిసేపు దాటితే చెల్లదు. వాచ్‌మన్ తానెవరో రుజువు చేసుకోవడానికి వాడిన రహస్యం 'క్లయింట్ సీక్రెట్'. ఇంటర్‌కమ్‌లో మాటలు యూజర్ బ్రౌజర్‌లో జరగవు. మీ సర్వర్, గూగుల్ సర్వర్ నేరుగా మాట్లాడుకుంటాయి. జవాబుగా వచ్చేది 'టోకెన్'. వచ్చిన మనిషి ఎవరో అందులో ఉంటుంది.

మరి పాస్‌వర్డ్? అది వార్డెన్ గది గుమ్మం దాటి బయటికి రానే లేదు. ఆ రోజు మేడమ్ నా నోటి నుంచి వినాలనుకున్నది ఈ ఒక్క మాటే.

ఇంకో చిన్న జాగ్రత్త ఉంది. మిమ్మల్ని వార్డెన్ దగ్గరికి పంపేటప్పుడు వాచ్‌మన్ ఒక అంకె తన దగ్గర రాసుకుని, అదే అంకె మీకూ చెప్పి పంపుతాడు. చీటీతో పాటు ఆ అంకె తిరిగొస్తేనే లోపలికి రానిస్తాడు. లేదంటే ఎవరో తమ చీటీని మీ చేతిలో పెట్టి, వాళ్ల పేరు మీద మిమ్మల్ని లోపలికి నడిపించొచ్చు. మీరు నొక్కిందంతా వాళ్ల ఖాతాలో పడుతుంది. ఈ అంకెనే 'స్టేట్' అంటారు. జూనియర్లు చూడమని పంపే కోడ్‌లో నేను మొదట వెతికేది దీన్నే. లేకపోయినా యాప్ పనిచేస్తుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు.

రెండు వారాంతాలు చాలు

పైథాన్ వచ్చినవాళ్లు ఫ్లాస్క్, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లు ఎక్స్‌ప్రెస్ తీసుకోండి. డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ చాలు, అంతా ఒక్క ఫైల్లో ఉంటుంది. మొదటి శనివారం లాగిన్ ఊసెత్తకండి. ప్రశ్న పేజీ, లెక్క పేజీ పనిచేసేలా చూడండి. యూజర్ ఎవరంటే '1' అని మీరే రాసేయండి. ఆదివారం గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ఒక ప్రాజెక్టు తెరిచి, వెబ్ అప్లికేషన్ కోసం క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ తీసుకోండి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. టెస్టింగ్ దశలో 100 మంది దాకా టెస్ట్ యూజర్లను చేర్చుకోవచ్చు. ఒక హాస్టల్‌కో, ఒక సెక్షన్‌కో అది సరిపోతుంది.

రెండో వారం అసలు బటన్. దీనికి లైబ్రరీలు, రెడీమేడ్ సేవలు బోలెడున్నాయి. వాటితో కొద్ది లైన్లలో పనైపోతుంది. మొదటిసారి మాత్రం వాటిని పక్కన పెట్టండి. యూజర్‌ను గూగుల్ పేజీకి పంపే లింకు మీరే తయారు చేయండి. తిరిగొచ్చిన కోడ్‌ను మీరే అందుకోండి. టోకెన్ ఇమ్మని మీ సర్వర్ నుంచి రిక్వెస్ట్ మీరే పంపండి. వచ్చిన జవాబును స్క్రీన్ మీద ప్రింట్ చేసి ఒక్కో అక్షరం చదవండి. ఒకసారి ఇలా చేశాక, రేపు కంపెనీలో హాయిగా లైబ్రరీ వాడండి. అక్కడ అదే సరైన పని. వేలమంది వాడి, తప్పులు దిద్దిన కోడ్ మనం ఒక్కళ్లం రాసినదానికంటే భద్రం.

దారిలో ఎర్రర్లు రావడం ఖాయం. నాకు మొదటి రాత్రంతా ఒకటే వచ్చింది, 'రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్' అని. మూడు గంటలు తల పట్టుకున్నాక దొరికింది తప్పు. కన్సోల్‌లో లోకల్‌హోస్ట్ అని రాశాను. బ్రౌజర్‌లో 127.0.0.1 అని కొట్టి తెరిచాను. మన కంప్యూటర్‌కు రెండూ ఒకటే, గూగుల్‌కు కాదు. చివర ఒక్క స్లాష్ తేడా ఉన్నా ఒప్పుకోదు. ఇదేం చాదస్తం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఆ చాదస్తమే కాపలా అని తెలిసింది. చీటీ మీరు ముందే రాసిచ్చిన గేటుకే చేరాలి. 'దగ్గర్లో ఉంది కదా' అని ఇంకో గేటుకు పంపితే అక్కడ ఎవరు కూర్చున్నారో ఎవరికి తెలుసు?

రెండో తప్పు గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. క్లయింట్ సీక్రెట్‌ను కోడ్‌లోనే రాసి, గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేశాను. ఒక సీనియర్ అన్న ఫోన్ చేసి, 'తమ్ముడూ, తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీశావ్' అన్నాడు. గాభరాగా ఆ లైను తీసేశాను. అది చాలదని మళ్లీ ఆయనే చెప్పాడు. గిట్ పాత చరిత్రంతా దాచుకుంటుంది. ఒకసారి బయటపడ్డ సీక్రెట్‌ను రద్దు చేసి కొత్తది తీసుకోవడం తప్ప వేరే దారి లేదు. సీక్రెట్లను విడిగా ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైలును గిట్ ముట్టుకోకుండా ఇగ్నోర్ జాబితాలో చేర్చండి. ఈ పని మొదటి రోజే చేయండి.

మూడోది, యూజర్‌ను దేనితో గుర్తుపెట్టుకోవాలి అన్నది. మెయిల్ ఐడీ ఉంది కదా అనిపిస్తుంది. కానీ మెయిల్ ఐడీ మారొచ్చు. కాలేజీ ఇచ్చిన ఐడీ అయితే మీరు వెళ్లిపోయాక ఇంకొకరికి ఇచ్చే అవకాశమూ ఉంది. అప్పుడు ఆ కొత్త విద్యార్థి తెలియకుండానే మీ ఖాతాలోకి వచ్చేస్తాడు. గూగుల్ పంపే సమాచారంలో 'సబ్' అనే పొడవాటి నంబరు ఒకటి ఉంటుంది. ఒక ఖాతాకు ఒకటే నంబరు, అది మారదు, మళ్లీ ఇంకొకరికి ఇవ్వరు. డేటాబేస్‌లో దాన్నే ఆధారంగా పెట్టుకోండి.

చివరగా సెషన్. గేటు తీశాక మీరు లోపల ఉన్నారని గుర్తుంచుకోవాల్సింది వాచ్‌మనే, వార్డెన్ కాదు. అంటే ఆ లెక్క మీ యాప్ కుకీతో నడుస్తుంది. ఆ కుకీని పేజీలోని జావాస్క్రిప్ట్ చదవకుండా 'హెచ్‌టీటీపీ ఓన్లీ' అని, భద్రమైన కనెక్షన్ మీదే వెళ్లేలా 'సెక్యూర్' అని గుర్తులు పెట్టాలి. మీ యాప్‌లో లాగౌట్ నొక్కితే మీ యాప్ నుంచే బయటికి వస్తారు, గూగుల్ నుంచి రారు. కాలేజీ ల్యాబ్‌లో ఈ తేడా తెలియక జీమెయిల్ తెరిచి ఉంచి వెళ్లిపోయేవాళ్లను నేను చూశాను. లాగౌట్ పేజీలో ఆ సంగతి ఒక వాక్యంలో రాయండి, పుణ్యం ఉంటుంది.

'నా కాంటాక్ట్స్ నీకెందుకురా?'

యాప్ సిద్ధమైంది. అందరి మెయిల్ ఐడీలూ అడిగి టెస్ట్ యూజర్లుగా చేర్చి, హాస్టల్ గ్రూపులో లింకు పెట్టాను. రాత్రి దాకా చూస్తే వాడింది ముగ్గురే. ఏమైందని పక్క బెడ్ వాణ్ని అడిగితే తన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. 'నీ యాప్ నా కాంటాక్ట్స్ చూస్తానంటోంది. నేను అన్నం తింటానో లేదో చెప్పడానికి మా అమ్మ నంబరు నీకెందుకురా?'

నిజమే. నేను చూసి నేర్చుకున్న ట్యుటోరియల్‌లో కాంటాక్ట్స్ చదవడానికి అనుమతి అడిగే లైను ఒకటి ఉంది. ఎందుకో ఆలోచించకుండా దాన్నీ దించేశాను. ఇలా అడిగే అనుమతులను 'స్కోప్' అంటారు. లాగిన్‌కు సాధారణంగా ఓపెన్ఐడీ, ప్రొఫైల్, ఈమెయిల్ అనే మూడు స్కోప్‌లు సరిపోతాయి. మెస్ లెక్కకైతే ఈమెయిల్ కూడా దండగే, పేరుంటే చాలు. ఆ రాత్రే అక్కర్లేనివి తీసేసి మళ్లీ లింకు పెట్టాను. మర్నాడు సాయంత్రానికి 31 మంది లాగిన్ అయ్యారు. మిగతా కోడ్ అంతా అదే. మారింది ఒక్క లైను.

పక్క బెడ్ వాడి అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2018లో ప్రపంచాన్ని కుదిపిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారానికి మూలం కూడా ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే ఒక చిన్న యాప్. అలెగ్జాండర్ కోగన్ అనే పరిశోధకుడు తయారు చేసిన వ్యక్తిత్వ క్విజ్ అది. దాన్ని వాడినవాళ్లు సుమారు 2.7 లక్షల మంది. కానీ అప్పట్లో ఫేస్‌బుక్ అనుమతుల తీరు వల్ల క్విజ్ ఆడినవాళ్ల స్నేహితుల సమాచారం కూడా యాప్‌కు చేరింది. అలా 8.7 కోట్ల మంది దాకా సమాచారం బయటికి వెళ్లి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ప్రకటించింది. మన దేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నది కేవలం 335 మంది. ప్రభావం పడి ఉండొచ్చని కంపెనీ చెప్పిన భారతీయుల సంఖ్య 5.62 లక్షలు. ఈ గొడవ తర్వాత 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వినియోగదారుల గోప్యత విషయంలో ఫేస్‌బుక్‌పై 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఒకరు 'ఓకే' నొక్కితే వందలమంది వివరాలు కదిలిపోయాయి. అక్కర్లేని స్కోప్ అడగడమంటే ఇదీ.

మన చట్టమూ ఈ మాటే చెబుతోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఏ పని కోసం సమ్మతి తీసుకున్నారో ఆ పనికి అవసరమైన సమాచారానికే ఆ సమ్మతి చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకామె టెలిమెడిసిన్ యాప్ పెట్టుకుంది. వైద్యసేవకు, ఫోన్‌లోని కాంటాక్ట్స్ చూడటానికి, రెండింటికీ యాప్ సమ్మతి అడిగితే సరేనంది. అయినా ఆ సమ్మతి వైద్యసేవకు అవసరమైనంత వరకే చెల్లుతుంది. కాంటాక్ట్స్‌కు చెల్లదు. మా పక్క బెడ్ వాడు మెకానికల్ బ్రాంచి. లా చదవలేదు. అడిగింది మాత్రం అదే ప్రశ్న.

నష్టాలు లేవా అంటే...

ఉన్నాయి. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్ కోడ్‌లో లోపాల వల్ల సుమారు 3 కోట్ల ఖాతాల టోకెన్లు దొంగల చేతికి చిక్కాయి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు దాదాపు 6 గంటలు ఆగిపోతే, ఆ లాగిన్‌ను నమ్ముకున్న వేరే సైట్లలోకి వెళ్లడం కూడా కష్టమైంది. వార్డెన్ ఒక్కరే ఉండి, ఆయన సెలవు పెడితే గేటు దగ్గర అందరూ నిలబడిపోవాల్సిందే. కాబట్టి నలుగురూ ఆధారపడే యాప్ చేస్తుంటే రెండో దారి కూడా ఉంచండి. మెయిల్‌కు ఒకసారి పనిచేసే లింకు పంపి లోపలికి రానివ్వడం అలాంటిదే. నేర్చుకోవడానికి చేస్తున్న యాప్‌కు మాత్రం ఒక్క దారి చాలు.

'ఇదంతా ఎందుకన్నా, ఏఐకి చెబితే రెండు నిమిషాల్లో రాసిస్తుంది కదా' అని మొన్న ఒక జూనియర్ అడిగాడు. రాసిస్తుంది. నేనూ వాడతాను. కానీ అది రాసిన కోడ్‌లో స్టేట్‌ను సరిచూసే లైను ఉందో లేదో, అక్కర్లేని స్కోప్ అడుగుతోందో లేదో చూడాల్సింది మనమే. చూడటం తెలియకపోతే, నేను అమీర్‌పేటలో ప్రాజెక్టు కొన్నదానికీ మీరు ఏఐతో రాయించుకున్నదానికీ తేడా ఒకటే. మీకు రూ.12 వేలు మిగులుతాయి. ఇంటర్వ్యూ గదిలో ఇద్దరం ఒకే కుర్చీలో ఒకేలా కూర్చుంటాం.

'మా గైడ్ ఇంత చిన్న ప్రాజెక్టు ఒప్పుకోరు' అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. టైటిల్ చూసి, రికార్డు లావు చూసి మార్కులేసే పద్ధతి చాలా చోట్ల నడుస్తోంది. ఒక్కో గైడ్ మీద అన్ని బ్యాచ్‌లు పడితే ఆయన మాత్రం ఏం చేస్తారు? కానీ ఒక విన్నపం. వైవాలో నలుగురు విద్యార్థుల్లో ఎవరో ఒకరిని పిలిచి, 'ఈ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో బోర్డు మీద గీయండి' అని అడిగితే చాలు. రెడీమేడ్ ప్రాజెక్టుల గిరాకీ సగం తగ్గుతుందని నా నమ్మకం. అప్పటిదాకా మీరు ఆగక్కర్లేదు. దీన్ని మినీ ప్రాజెక్టుగా పెట్టండి. అదీ కుదరకపోతే మీ కోసం మీరు చేసుకోండి.

రెజ్యూమెలో ఏం రాయాలి?

పెద్ద మాటలు వద్దు. 'హాస్టల్ మెస్ కోసం వెబ్ యాప్, గూగుల్ లాగిన్ లైబ్రరీ లేకుండా రాశాను, 31 మంది వాడారు' అని నిజం రాయండి. మీ అంకె 5 అయితే 5 అనే రాయండి. రాసేముందు ఈ ప్రశ్నలకు కాగితం చూడకుండా జవాబు చెప్పగలరేమో చూసుకోండి.

1. యూజర్ పాస్‌వర్డ్ మీ సర్వర్‌కు ఎందుకు రాదు?

2. కోడ్, టోకెన్ రెండూ ఎందుకు? నేరుగా టోకెన్‌నే బ్రౌజర్‌కు పంపితే ఏమవుతుంది?

3. స్టేట్ లేకపోతే ఎవరు, ఎలా మోసం చేయగలరు?

4. సీక్రెట్ ఎక్కడ దాచారు? పొరపాటున బయటపడితే మొదట ఏం చేస్తారు?

5. మీ డేటాబేస్‌లో యూజర్ గురించి ఏమేం ఉన్నాయి? అందులో ఏది తీసేసినా యాప్ నడుస్తుంది?

6. ఒక యూజర్ 'నా వివరాలన్నీ తీసేయండి' అంటే మీ యాప్‌లో ఆ పని ఎలా జరుగుతుంది?

ఆరో ప్రశ్నకు జవాబు నా మొదటి యాప్‌లో లేదు. తర్వాత ఒక 'డిలీట్' బటన్ చేర్చాను. రాయడానికి అరగంట కూడా పట్టలేదు. ఆలోచన రావడానికే మూడు నెలలు పట్టింది.

ఆ తర్వాత ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్రాజెక్టు గురించి అడిగారు. కొన్న ప్రాజెక్టు పేరు అప్పటికే రెజ్యూమెలోంచి తీసేశాను. హాస్టల్ మెస్ సంగతి చెప్పాను. లాగిన్ ఎలా పనిచేస్తుందని అడిగితే కాగితం తీసుకుని వాచ్‌మన్‌ను, వార్డెన్‌ను గీశాను. ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం. నాకు తెలియనిది ఒకటి అడిగితే తెలియదన్నాను. ఉద్యోగం వచ్చింది. జీతం పెద్దదేం కాదు. కానీ ఆ గదిలో నేను చెప్పిన ప్రతి మాటా నాదే.

హాస్టల్ వదిలి వచ్చే రోజు ఆంటీ అడిగింది, 'బాబూ, నువ్వు వెళ్లిపోతే ఫోన్లో ఆ అంకె వస్తదా, రాదా?' అని. వస్తుందని చెప్పి, యాప్‌ను కింద రూమ్‌లో ఉండే జూనియర్‌కు అప్పగించాను. అప్పగించే ముందు వాణ్ని కూర్చోబెట్టి ఒకటే అడిగాను. 'ఈ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో చెప్పు.'

మీరూ చెప్పండి. రాకపోతే ఈ శనివారం మొదలుపెట్టండి.